బరువు తగ్గితేనే కాన్ఫిడెన్స్ వస్తుందా?

డిగ్రీలో చేరాక లావయ్యాను, ఫొటోలు దిగడం, పెళ్ళిళ్ళకి వెళ్ళడం మానేశాను, తగ్గితే మళ్ళీ కాన్ఫిడెన్స్ వస్తుందా అని అడిగావు కదా చెల్లీ. మాది శ్రీకాకుళం, నీ వయసులో నాదీ ఇదే గోల కాబట్టి చెప్తున్నా. తగ్గితే కొంత వస్తుంది, అబద్ధం చెప్పను, మెట్లెక్కితే ఆయాసం ఉండదు, నచ్చిన బట్టలు పడతాయి. కానీ నువ్వు అనుకుంటున్నంత రాదు.

మనవైపు పలకరింపే ఒంటితో మొదలు, గుమ్మంలో చెప్పులు విప్పేలోపే "ఏటే గుంటా ఇలాగైపోనావు" అనేస్తారు. వాళ్ళకది ప్రేమే, నాకు మాత్రం ఇంక ఆ రోజంతా చున్నీ సర్దుకోడమే పని. టైలర్ షాపులో ఇంకా ఘోరం, టేపు పెట్టి "నడుం 36, రాస్కో" అని లోపల మిషన్ దగ్గరున్నామెకి వినపడేలా అరిస్తే బెంచీ మీద కూర్చున్నవాళ్ళంతా తలెత్తి చూసేవాళ్ళు, నేను ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాక్కుని నిలబడేదాన్ని, అందుకే ఆ డ్రెస్సులెప్పుడూ బిగుతే.

తర్వాత బాగానే తగ్గాను. అందరూ మెచ్చుకుంటుంటే మళ్ళీ పెరిగితే ఏమంటారో అని భయం పట్టుకుంది, అద్దంలో మాత్రం పాత లావే కనపడేది. పైగా లావైపోయావన్న నోళ్ళే "ఓలమ్మ, సిక్కిపోనావు, ఒంట్లో బాలేదా" అనడం మొదలెట్టాయి.

నాకు నిజంగా ధైర్యం వచ్చింది జిమ్‌లో బరువులెత్తడం మొదలెట్టాకే, అప్పట్నించి ఒళ్ళు ఎలా కనిపిస్తోంది అన్నదాని కంటే ఏం చెయ్యగలుగుతోంది అన్నదాని మీదకి ధ్యాస మళ్ళింది. మన ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట అమ్మాయి, వెయిట్‌లిఫ్టర్ కరణం మల్లీశ్వరిని చూడు, 1994, 1995లో ప్రపంచ ఛాంపియన్ అయినప్పుడు ఒంటి బరువు ప్రకారం 54 కేజీల విభాగం, 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 240 కేజీలెత్తి కాంస్యం తెచ్చినప్పుడు 69 కేజీల విభాగం. విజయనగరం జిల్లా కొండవెలగాడలో వెయిట్‌లిఫ్టింగ్ చేసే ఆడపిల్లలకి కూడా ఒంటి బరువంటే ఏ విభాగంలో దిగాలో చెప్పే అంకె, అంతే.

తగ్గాక కుట్టించుకుందామని దాచిన గుడ్డ ఉంటే ఇప్పుడున్న కొలతకే ఇచ్చెయ్. ఒక్కసారిగా పెరిగి నెలసరి కూడా తప్పుతుంటే థైరాయిడ్, పీసీఓడీ (అండాశయాల సమస్య) టెస్టులు చేయించుకో, అన్నిటికీ నీ తిండే కారణం అవ్వక్కర్లేదు. తిండి మానేయడం, తిని వాంతి చేసుకోవడం దాకా వెళ్ళిందా, అస్సలు ఆలస్యం చెయ్యకు, అమ్మకి చెప్పి డాక్టర్ దగ్గరికి వెళ్ళు, ఇంట్లో చెప్పలేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కి ఫోన్ చెయ్, ఫ్రీనే, తెలుగులోనే మాట్లాడతారు.