అరచేతి కాంతితో శుద్ధి: నగోయాలో మా పక్కింటి బామ్మగారి దగ్గర నేను చూసింది

మీ ప్రశ్న ఇదీ: ఒసాకాలో మీ ఇంటి ఓనరమ్మ "అరచేతితో కాంతి ఇస్తాం, నడుంనొప్పి పోతుంది" అని మిమ్మల్ని వాళ్ళ దోజోకి, అంటే అందరూ కలిసి ఇది చేసుకునే చోటికి, రమ్మంటోంది. నచ్చితే మూడు రోజుల క్లాసు కూడా చేయమంటోంది. వెళ్ళొచ్చా, ఇది మోసమా, వెళితే మతం మారినట్టా అని అడిగారు.

వెళ్ళొచ్చు. పది నిమిషాలు కళ్ళు మూసుకుని కూర్చున్నంత మాత్రాన ఏమీ కాదు. నాకు చిక్కు వచ్చింది ఆ పది నిమిషాల్లో కాదు, ఆ తర్వాత ఇంటికొచ్చి నాలో నేను వేసుకున్న లెక్కలో. అందుకే జపాన్‌లో మహికారి లాంటి కొత్త మత సంస్థలు చేసే ఈ శుద్ధి గురించి కాస్త వివరంగా రాస్తున్నాను.

నేను 2015 నుంచి ఆరేళ్ళు నగోయాలో ఉన్నాను. మా ఆయన పొద్దున ఏడింటికి వెళితే రాత్రి పదికి వచ్చేవారు. నాది డిపెండెంట్ వీసా, చంకలో ఏడాదిన్నర పాప, నోట్లో నలభై జపనీస్ మాటలు. పక్కింటావిడకి డెబ్భై దాటాయి. పాప ఆవిడని "బాచాన్" అనేది, అంటే బామ్మా అని. చెత్త ఏ రోజు ఏ సంచీలో వేయాలో నేర్పింది ఆవిడే. పాపకి మోచేతుల మడతల్లో, మోకాళ్ళ వెనక ఎర్రగా దురద. రాత్రంతా గోకుతూనే ఉండేది. డాక్టరు అటోపీ అన్నాడు (అక్కడ చాలామంది పిల్లలకి వినిపించే మాటే), స్టెరాయిడ్ పూత మందు రాశాడు.

ఒకరోజు బాచాన్ "నేను ఒకియోమే ఇవ్వనా?" అంది. ఆ మాటకి అర్థం శుద్ధి చేయడం. తన ఇంట్లో తటామీ చాప మీద మోకాళ్ళ మీద కూర్చుంది, నన్ను ఎదురుగా కూర్చోబెట్టింది. చేతులు జోడించి కళ్ళు మూసుకోమంది. అంత మెత్తగా మాట్లాడే మనిషి ఒక్కసారిగా గొంతెత్తి ప్రార్థన చదివేసరికి పాప జడుసుకుని ఏడుపందుకుంది. తర్వాత నిశ్శబ్దం. నా నుదుటికి ఓ అడుగు దూరంలో ఆవిడ అరచేయి, సుమారు పది నిమిషాలు. చివర్లో "ఓషిజుమారి" అంది, శాంతించు అని. మళ్ళీ వెనక్కి తిప్పి మెడ, వెన్ను వేళ్ళతో నొక్కి చూసి, గట్టిగా అనిపించిన చోట, మూత్రపిండాల దగ్గర చేయి చాచి పెట్టింది. విషాలు అక్కడ గడ్డకట్టి ఉంటాయని, కాంతి తగిలితే కరిగి బయటికి పోతాయని వాళ్ళ నమ్మకం.

ఎలా ఉందంటే, బాగుంది. అబద్ధం ఎందుకు చెప్పాలి? అరచేయి వేడి నాకు తెలిసిందో, తెలిసిందని అనుకున్నానో కానీ, చాలా నెలల తర్వాత ఒక మనిషి ఫోను చూడకుండా, తొందరపడకుండా నా ఎదురుగా కూర్చుంది. లేచాక బార్లీ టీ పోసింది. ఆ రాత్రి నిద్ర పట్టింది. మన మనసు ఎంత ఒంటరిగా ఉంటే ఆ పది నిమిషాలు అంత బలంగా పనిచేస్తాయని ఇప్పుడు అనిపిస్తుంది.

ఇది ఎక్కడిదో కొంచెం తెలుసుకుంటే మీకు భయమూ తగ్గుతుంది, భ్రమా తగ్గుతుంది. ఇలా కాంతి ఇచ్చే సంస్థల్లో ఒకటి మహికారి, ఆ పేరుకి అర్థం 'నిజమైన వెలుగు'. దీన్ని మొదలుపెట్టింది ఒకాదా యోషికజు అనే మాజీ సైనికాధికారి, 1901లో పుట్టాడు. 1959 ఫిబ్రవరి 27న, అంటే సరిగ్గా ఆయన పుట్టినరోజు తెల్లవారుజామున, పేరు మార్చుకుని చేయి ఎత్తమని దేవుడు ఆజ్ఞాపించాడని ఆయన చెప్పాడు. అయితే చేయెత్తి కాంతి ఇవ్వడం అంతకుముందే ఉంది. ఆయన కొంతకాలం ఉన్న సెకాయ్ క్యూసెయ్‌క్యో అనే సంస్థలో దాన్ని జోరెయ్ అంటారు. దాని స్థాపకుడు ఒకాదా మోకిచి, ఇంటిపేరు ఒకటే కానీ చుట్టరికం లేదు. ఆ మోకిచి 1935లో సొంతంగా మొదలుపెట్టడానికి ముందు ఓమోతో అనే ఇంకో సంస్థలో ఉండేవాడు. ఆ ఓమోతో, 1892లో అయాబే అనే ఊళ్ళో దెగుచి నావో అనే నిరుపేద విధవరాలికి పూనకం రావడంతో మొదలైంది. గ్రామదేవతల జాతరల్లో పూనకాలు చూసి పెరిగినవాళ్ళం, మనకి ఇందులో వింత పెద్దగా ఏముంది!

యోషికజు 1974లో పోయాక వారసుడెవరన్న తగాదా కోర్టుకెక్కింది. పెంపుడు కూతురు 1978లో సూక్యో మహికారి పేరుతో వేరే పెట్టింది, దాని కేంద్రం గిఫు రాష్ట్రంలోని తకాయామాలో. పర్యాటకులు వెళ్ళే ఊరే అది, బంగారు రంగు పైకప్పు ఉన్న వాళ్ళ పెద్ద మందిరం దూరానికే కనిపిస్తుంది. పాత సంస్థ ఇజూ అనే ప్రాంతం వైపు ఉంది. పీఠం కోసం కోర్టుకెక్కడం కూడా మనకి తెలియని సంగతేం కాదులెండి. చేయెత్తి కాంతి ఇచ్చే సంస్థలు ఇలా ఒకటికి నాలుగున్నాయి కాబట్టి నేను వెళ్ళింది వీటిలో దేనికో, ఏ శాఖకో ఇక్కడ రాయను. మీ ఓనరమ్మది ఏదో పేరు అడిగి తెలుసుకోండి.

మన హైదరాబాద్‌లో బోర్డులు కనిపించే రేకి వేరు. అది ఉసుయి మికావో 1922లో మొదలుపెట్టింది, చేతులు పెట్టడం వరకే పోలిక. పూర్వీకుల ఆత్మలు, మెడలో తాళి లాంటి బిళ్ళ, గుడి, ఇవన్నీ రేకిలో లేవు.

బిళ్ళ అన్నాను కదా, దాన్ని ఓమితమా అంటారు. మూడు రోజుల క్లాసు, అంటే కెన్షూ, పూర్తి చేస్తే ఇస్తారు. అది మెడలో ఉంటేనే అరచేతిలోంచి కాంతి వస్తుందని నమ్మకం. తడవకూడదు, నేల తాకకూడదు. మన మంగళసూత్రమైనా రోజూ స్నానంలో తడుస్తుంది, ఇది చుక్క నీరు తాకకూడదు. బాచాన్ స్నానానికి వెళ్ళేముందు దాన్ని తీసి సంచిలో పెట్టి ఎత్తులో దాచే తీరు చూస్తే నాకు మా అమ్మమ్మ సాలగ్రామం పెట్టె గుర్తొచ్చేది. ఆ బిళ్ళ తీసుకున్నవాళ్ళు దేవుడితో బంధం నిలవడానికి నెలనెలా కొంత సొమ్ము సమర్పిస్తారు. క్లాసుకి రుసుము ఉంటుంది. ఎంతో ముందే అడగండి, అందులో మొహమాటం ఏమీ లేదు.

తర్వాత దోజోకి కూడా రెండుసార్లు వెళ్ళాను. ఒక మామూలు భవనంలో రెండో అంతస్తు. చెప్పులు విప్పి, పుస్తకంలో పేరు రాసి, కవరులో ఐదు వందల యెన్లు పెట్టాను. ఎవరూ అడగలేదు, అందరూ పెడుతున్నారని పెట్టాను. లోపల జంటలు జంటలుగా కూర్చుని ఒకరికొకరు చేయెత్తుకున్నారు. స్కూలు పిల్లవాడొకడు తాతకి కాంతి ఇస్తున్నాడు! ఇవ్వడానికి గురువే కావాలని లేదు, క్లాసు చేసిన ఎవరైనా ఇవ్వొచ్చు. నాకు బాగా నచ్చింది ఇదే. ఒకావిడ జోడించిన చేతులు మెల్లగా ఊగడం మొదలై, కాసేపటికి ఆవిడ వెక్కి వెక్కి ఏడ్చింది. మనిషిని పట్టుకున్న ఆత్మ కదులుతోందని వాళ్ళంటారు. మన రోగాలకీ కష్టాలకీ చాలావరకు ఇలాంటి ఆత్మలే కారణమని, వాటిలో తృప్తిపడని మన పూర్వీకులూ ఉంటారని చెబుతారు. పితృదోషం అన్న మాట చిన్నప్పటి నుంచీ విన్న నాకు ఇది సులువుగా ఎక్కేసింది. మనవాళ్ళు ఇక్కడే జాగ్రత్తగా ఉండాలి. కొత్తగా ఉంటే ప్రశ్నిస్తాం, తెలిసినట్టుంటే తలూపుతాం.

శుద్ధి అన్న ఆలోచన జపాన్‌లో ఎంత పాతదో కూడా చెప్పాలి. వాళ్ళ పురాణంలో ఇజనాగి అనే దేవుడు చనిపోయిన భార్య కోసం మృత్యులోకానికి వెళ్ళి, తిరిగొచ్చి ఆ మైల పోవడానికి నదిలో స్నానం చేస్తాడు. బాచాన్ గొంతెత్తి చదివిన ప్రార్థనకి మూలం ఆ కథే. ఇప్పటికీ అక్కడ అంత్యక్రియలకి వెళ్ళొచ్చినవాళ్ళు గడప దాటేముందు ఒంటి మీద ఉప్పు చల్లుకునే ఆచారం ఉంది, చిన్న పొట్లంలో వాళ్ళే ఇచ్చి పంపుతారు. మా తెనాలిలో శవం వెంట వెళ్ళొచ్చినవాళ్ళని స్నానం చేయందే లోపలికి రానిచ్చేవారు కాదు. ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేసిన అమ్మమ్మ చేయికీ, కాంతి ఇచ్చే బాచాన్ చేయికీ తేడా నాకు పెద్దగా కనిపించలేదు.

కానీ ఒక తేడా ఉంది, అది ఆలస్యంగా తెలిసింది. అమ్మమ్మ దిష్టి తీశాక జ్వరం తగ్గకపోతే "ఇది దిష్టి కాదులే, డాక్టరు దగ్గరికి పదండి" అనేది. ఇక్కడ అలా కాదు. తగ్గితే కాంతి పనిచేసింది. పెరిగితే కూడా కాంతి పనిచేసింది, లోపలి విషం బయటికి వస్తోంది. జలుబు, విరేచనాలు, జ్వరం, చర్మం మీద పొక్కులు, అన్నీ ఒళ్ళు కడుక్కోవడమే. కోటెన్ హన్నో అని జపనీస్‌లో ఒక మాట ఉంది, బాగుపడే ముందు కొంచెం ముదరడం అని. మహికారి వాళ్ళదే కాదు ఆ మాట, నాటువైద్యాల వాళ్ళంతా వాడతారు. ఏం జరిగినా ఒకే జవాబు వచ్చే చోట, పని చేయట్లేదని మనకి తెలిసే దారి ఎక్కడుంది?

పాపకి స్టెరాయిడ్ పూత మానేయమని నాకు ఎవ్వరూ చెప్పలేదు. ఇది స్పష్టంగా రాస్తున్నాను. మందులు కూడా ఒంట్లో విషంగా పేరుకుంటాయన్న మాట మాత్రం మాటల్లో విన్నాను. మిగతాది నేనే కలుపుకున్నాను. అసలే మన వాట్సాప్ గ్రూపుల్లో స్టెరాయిడ్ అంటే భూతం. మానేశాను. నాలుగో రోజుకి ఎర్రదనం పెరిగింది, "బయటికి వస్తోంది" అనుకున్నాను. వారానికి నీరు కారడం మొదలైంది, ఇంకా వస్తోంది అనుకున్నాను. పదో రోజు పసుపు పచ్చని పెచ్చులు ముక్కు కింద, చెవి వెనక కూడా కనబడ్డాయి. మా ఆయనకి చెప్పలేదు. టెన్షన్, సిగ్గు, మొండితనం, మూడూ కలిసి.

బాచాన్ చూసింది. చూసిన వెంటనే చేయి ఎత్తలేదు, గొడుగు తీసింది. వానలో మమ్మల్ని చర్మవైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళి గంటన్నర బయట బెంచీ మీద కూర్చుంది. డాక్టరు "తోబిహి" అన్నాడు. ఎగిరే నిప్పురవ్వ అని అర్థమట, గోకిన చేతితో ఒకచోటి నుంచి ఇంకోచోటికి అంటుకుపోయే బ్యాక్టీరియా పుండ్లు. యాంటిబయాటిక్ ఇచ్చి, పూత ఎందుకు మానేశారని ఒక్కసారే అడిగాడు. నా దగ్గర జవాబు చెప్పేంత జపనీస్ లేదు. ఉన్నా చెప్పేదాన్ని కాదు. వారం పది రోజుల్లో పాప తేలికపడింది. పసిపిల్లల వైద్యం ఖర్చు నగోయాలో నగరపాలక సంస్థే భరిస్తుంది, ఆ రోజు నేను కట్టింది సున్నా. డబ్బు లేక కాదు, భయం లేక కాదు, ఒక మాటని నమ్మి ఆగాను. ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది, నా మీదే.

ఆ తర్వాత కూడా బాచాన్ దగ్గర ఒకియోమే తీసుకున్నాను, వచ్చేసేముందు దాకా. కెన్షూ మాత్రం చేయలేదు. ఆవిడ రెండుసార్లు అడిగింది, రెండుసార్లూ "ఇంట్లో వద్దంటున్నారు" అన్నాను, మూడోసారి అడగలేదు.

మతం మారడం సంగతి. "మీ మతం మీరు ఉంచుకోవచ్చు, ఇది అన్ని మతాలకీ పైన ఉండేది" అని వాళ్ళు చెబుతారు, నాకూ అదే చెప్పారు. చట్టం లెక్కలో మాత్రం సూక్యో మహికారి నమోదైన మత సంస్థే. మీ పూజామందిరం మీ ఇంట్లో అలాగే ఉంటుంది. కాకపోతే బిళ్ళ తీసుకుంటే రోజూ దాన్ని కాపాడుకోవాలి, నెలనెలా కట్టాలి, దోజోకి వెళ్తుండాలి. ఆ బరువు మోయగలరా అన్నది చూసుకోండి. ఆఫీసులో ఈ మాట ఎత్తకండి. 1995లో టోక్యో మెట్రోలో ఓమ్ శిన్రిక్యో అనే కొత్త మతం వాళ్ళు సరిన్ విషవాయువు వదిలినప్పటి నుంచి, 2022లో మాజీ ప్రధాని అబే హత్య తర్వాత మరీ (చంపినవాడి కోపం తన తల్లి డబ్బంతా ధారపోసిన ఒక మత సంస్థ మీద), కొత్త మతం అనగానే అక్కడివాళ్ళ ముఖాలు బిగుసుకుంటాయి. ఆ రెంటికీ మీ ఓనరమ్మకీ ఏ సంబంధమూ లేదు, ఐనా అంతే.

మోసమా అని అడిగారు. బాచాన్ నన్ను మోసం చేయలేదు. నమ్మింది, నాకూ పంచింది.

ఇక మీ నడుం. నొప్పి ఎడమ కాల్లోకి దిగుతోందని, మూడు నెలలుగా రెండు కాలి వేళ్ళు తిమ్మిరిగా ఉంటున్నాయని మధ్యలో ఒక ముక్క రాసి వదిలేశారు. ఓనరమ్మతో దోజోకి వెళ్ళండి, కూర్చోండి, టీ తాగండి. కానీ అంతకుముందే సెయ్‌కెయ్ గెకా అని బోర్డున్న ఎముకల డాక్టరుకి చూపించుకోండి, అక్కడి ఆరోగ్య బీమా ఉంటే మీరు కట్టేది 30 శాతమే. ఎమ్మారై తీశారా? తీసి ఉంటే అందులో ఏమొచ్చిందో ఇక్కడ రాయండి.