స్కిజోఫ్రీనియా: బాగున్నప్పుడు మందులు ఆపొచ్చా?

ప్రశ్న: మా తమ్ముడికి 27 ఏళ్లు. మూడేళ్లుగా స్కిజోఫ్రీనియా అనే మానసిక జబ్బుకు మందులు వాడుతున్నాడు. కొన్నాళ్లు మామూలుగానే ఉంటాడు. ఉన్నట్టుండి గది దాటి బయటికి రాడు, అందరూ తన గురించే మాట్లాడుకుంటున్నారంటాడు. నిన్నటిదాకా బాగున్నవాడు కావాలనే ఇలా చేస్తున్నాడని నాన్న కోప్పడతారు. ఎందుకిలా అవుతోంది? బాగున్నప్పుడు మందులు ఆపొచ్చా?
- ఒక సోదరి

జవాబు: మీ తమ్ముడు కావాలని చేయడం లేదమ్మా. ముందు ఈ మాట మీ నాన్నగారికి చెప్పండి. లక్షణాలు కొన్నాళ్లు తగ్గి, కొన్నాళ్లు పెరగడం ఈ జబ్బులో మామూలే. ఒక్కరోజులోనే తేడా కనిపించొచ్చు. ఎవరూ మాట్లాడకపోయినా చెవిలో మాటలు వినిపించడం ఈ జబ్బు లక్షణాల్లో ఒకటి. నలుగురిలో పనిలో ఉన్నప్పుడు అంతగా వినిపించని ఆ మాటలు, ఒంటరిగా ఉన్నప్పుడు కొందరికి గట్టిగా వినిపిస్తాయి.

అయితే అన్ని లక్షణాలూ ఒకేలా ఉండవు. చెవిలో మాటలు, అనుమానాలు ఎక్కువగా వచ్చిపోతుంటాయి, మందులకు బాగా లొంగేవీ ఇవే. దేనిమీదా ఆసక్తి లేకపోవడం, ముభావంగా ఉండటం, స్నానానికి కూడా లేవకపోవడం మాత్రం మాటలు ఆగిపోయాక కూడా నెలల తరబడి ఉండొచ్చు. ఇంట్లోవాళ్లు బద్ధకం అనుకుని తిట్టేది దీన్నే. అదీ జబ్బులో భాగమే. పైగా ఇంట్లో రోజూ దెప్పిపొడుపులు, గొడవలు ఉంటే జబ్బు తిరగబెట్టే అవకాశం పెరుగుతుంది.

ఇక మందుల సంగతి. మీ అంతట మీరు ఆపొద్దు. ఆపిన మర్నాడే ఏమీ కాదు, వారాలు, ఒక్కోసారి నెలలు బాగానే గడుస్తాయి. దాంతో మందులు అక్కర్లేదనే ధైర్యం వస్తుంది. ఆ తర్వాత తిరగబెడితే మందు ఆపడం వల్లేనని ఎవరికీ తట్టదు. మొదటిసారి జబ్బు పడి కోలుకున్నవారిని ఐదేళ్లు గమనించిన ఒక అధ్యయనంలో, మందులు ఆపేసినవారికి తిరగబెట్టే ముప్పు దాదాపు 5 రెట్లు పెరిగినట్టు తేలింది. మగతో, బరువు పెరగడమో, కుదురుగా కూర్చోలేకపోవడమో ఇబ్బంది పెడుతుంటే డాక్టరుతో చెప్పండి. డోసు తగ్గించొచ్చు, మందు మార్చొచ్చు. రోజూ మాత్ర మింగడం కష్టమైతే నెలకోసారి చేసే ఇంజెక్షన్లూ ఉన్నాయి. సిగరెట్ల విషయం కూడా దాచొద్దు. ఒలాంజపిన్, క్లోజపిన్ వాడేవారు సిగరెట్లు పెంచితే రక్తంలో మందు తగ్గుతుంది, ఒక్కసారిగా మానేస్తే పెరుగుతుంది. గంజాయి, మద్యం జోలికి మాత్రం అస్సలు వెళ్లకూడదు.

జబ్బు తిరగబెట్టే ముందు చాలామందిలో మొదట చెడేది నిద్ర. రాత్రి రెండింటికి కూడా గదిలో లైటు వెలుగుతుండటం, కిటికీలు పదేపదే మూయడం, ఫోన్ స్విచాఫ్ చేసి పెట్టుకోవడం, చిన్నమాటకే చిరాకు... ఇవి కొన్ని రోజుల నుంచి కొన్ని వారాల ముందే కనిపిస్తాయి. మీ తమ్ముడు బాగున్నప్పుడే పక్కన కూర్చుని, పోయినసారి ఎలా మొదలైందో అడిగి ఇద్దరూ కలిసి రాసుకోండి. అవే మళ్లీ కనిపిస్తే తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా డాక్టరుకు ఫోన్ చేయండి. తొందరగా పట్టుకుంటే, చాలాసార్లు ఆసుపత్రిలో చేర్చాల్సిన అవసరం రాదు.

చనిపోవాలనుందన్నా, తనకో ఇతరులకో హాని చేయమని మాటలు ఆదేశిస్తున్నాయన్నా, తిండీ నీళ్లూ మానేసినా అతన్ని ఒంటరిగా వదలకండి. వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.