శుక్లాల ఆపరేషన్ తర్వాత మసక: ఇంజెక్షన్ వేయించాక కంటి ప్రెషర్ చెకప్ మానొద్దు

శుక్లాల ఆపరేషన్ అయ్యాక మీ అమ్మగారికి చూపు మళ్లీ మసకబారిందా? కంట్లో పెట్టిన లెన్సు తప్పు కాకపోవచ్చు. నెల రోజులు బాగా కనిపించి, ఇప్పుడు అక్షరాలు అలికినట్టు ఉన్నాయంటే రెటీనా (కంటి వెనక తెర) మధ్యలో వాపు అయ్యుండొచ్చు. ఎక్కువగా ఆపరేషన్ అయిన 4 నుంచి 12 వారాల్లో వస్తుంది.

1. ఓసీటీ స్కాన్ (రెటీనా వాపును చూపించే స్కాన్) తీయించండి. షుగర్, గ్లాకోమా (కంటి ప్రెషర్ పెరిగి చూపు నరం దెబ్బతినే జబ్బు) ఉంటే డాక్టరుకు ముందే చెప్పండి.

2. మామూలుగా మొదట చుక్కల మందులు. తగ్గకపోతే కంటికి స్టెరాయిడ్ (వాపు తగ్గించే మందు) ఇంజెక్షన్. కంటికి మత్తు ఇచ్చే చేస్తారు, టెన్షన్ వద్దు.

3. అందరూ వదిలేసేది ఇదే. చూపు తేటపడగానే చిత్తూరు నుంచి తిరుపతి కంటి ఆసుపత్రికి చెకప్‌కు వెళ్లడం మానేస్తారు. స్టెరాయిడ్‌తో కొన్ని వారాలకు కంటి ప్రెషర్ పెరగొచ్చు, చాలాసార్లు నొప్పి కూడా తెలియదు. చెప్పిన తేదీకి బస్సెక్కాల్సిందే.

కన్ను ఎర్రబడి, నొప్పితో చూపు తగ్గితే మాత్రం తేదీ చూడకండి, అదే రోజు వెళ్లండి.