ముందు టైరు, తర్వాత షాకబ్జర్, ఆఖరికి క్లచ్

చిరంజీవి సుధీర్‌కు మామ ఆశీస్సులు.

నీ పోలో కారుకి వేయించాలని నువ్వు పంపిన సామాను జాబితా చూశాను నాయనా. కాయిలోవర్లు (ఎత్తు మార్చుకోగల స్ప్రింగు, షాకబ్జర్ సెట్టు), 17 అంగుళాల అల్లాయ్‌లు, స్టేజ్ వన్ రీమ్యాప్ (ఇంజిన్ కంప్యూటర్‌లో లెక్కలు మార్చి బలం పెంచడం), సెరామిక్ క్లచ్, షార్ట్ షిఫ్టర్ (గేరు రాడ్డు కదలిక తగ్గించేది). ఇందులో కొన్ని నీ బండికి వద్దు, మిగతావాటి వరస తలకిందులైంది. చేతిలో ఉన్న డబ్బు ఒక్కసారికే సరిపోతుంది కాబట్టి ఏది ముందో ఏది వెనకో తేల్చుకున్నాకే ఆర్డర్ పెట్టు.

నీది 2021 ఫోక్స్‌వ్యాగన్ పోలో హైలైన్ ప్లస్, 1.0 టీఎస్‌ఐ టర్బో పెట్రోల్ ఇంజిన్, ఆరు గేర్ల మాన్యువల్. కంపెనీ చెప్పిన లెక్క 110 పీఎస్ పవర్, 175 న్యూటన్ మీటర్ల టార్క్, అంటే తిప్పే బలం. ఆ బండి తిరిగింది చీమకుర్తి, పొదిలి వైపు. గ్రానైట్ లారీలు నలిపేసిన రోడ్డు అది. కాబట్టి కొత్త సామాను కొనేముందు పాత సామాను సంగతి చూడు. బండిని రాంప్ ఎక్కించి లోయర్ ఆర్మ్ (చక్రాన్ని బండికి కలిపే కింది చెయ్యి) బుష్‌లు అనే రబ్బరు కీళ్లు, బాల్ జాయింట్లు, లింక్ రాడ్లు, స్ట్రట్ (ముందు స్ప్రింగు, షాకబ్జర్ కలిసిన స్తంభం) పై మౌంట్లు, ఇంజిన్ మౌంట్లు వరసగా చూడమను. లోయర్ ఆర్మ్ వెనక బుష్‌లో రబ్బరు చీలి ఉంటే బ్రేకు కొట్టినప్పుడల్లా చక్రం వెనక్కి జరుగుతుంది, వదిలితే ముందుకొస్తుంది. అట్టాంటి బండికి ఎంత ఖరీదైన షాకబ్జర్ వేసినా స్టీరింగ్ తిన్నగా నిలవదు. షాకబ్జర్ రాడ్డు కింద నూనె తడి కనపడినా, టైరు చుట్టూ చెయ్యి తిప్పితే ఎగుడుదిగుడు గుంటలు తగిలినా షాకబ్జర్ పని అయిపోయినట్టే. బానెట్ మీద నొక్కి ఊపి చూసే పరీక్షను నమ్ముకోవద్దు, సగం పోయిన షాకబ్జర్ కూడా అందులో పాసవుతుంది.

అదే రోజు ఒక కొలత తీసి రాసి పెట్టుకో. చదును నేల మీద బండి నిలిపి, చక్రం నడిమధ్య నుంచి ఫెండర్ ఆర్చ్ అంచు దాకా నాలుగు మూలలా మిల్లీమీటర్లలో కొలువు. టైరు గాలి ఎంతున్నా ఈ కొలత మారదు. రేపు స్ప్రింగులు మార్చాక బండి ఎంత దిగింది, ఏ పక్కకి ఒరిగింది అనేదానికి ఇదే సాక్ష్యం.

మొదటి డబ్బు టైర్లకు. టైరు పక్కగోడ మీద డాట్ (DOT) అని మొదలయ్యే వరసలో చివరి నాలుగంకెలు చూడు. 2321 అని ఉంటే 2021లో 23వ వారం తయారైందని. మన ఎండకు అయిదేళ్లు దాటిన టైరు, గాడి లోతు ఎంత మిగిలినా, గట్టిపడి పట్టు వదులుతుంది. గాడి లోతు 1.6 మిల్లీమీటర్ల దాకా అరిగినా చట్టం ఒప్పుకుంటుంది గానీ 3 దగ్గరే మార్చేయి. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఈశాన్య రుతుపవనాల వానలకి హైవే మీద నీళ్లు నిలుస్తాయి, అరిగిన టైరు ఆ నీటి మీద తేలిపోతుంది. సైజు 195/55 ఆర్16 అట్టే ఉండనీ. 205/50 ఆర్16 వేస్తే చుట్టుకొలత ఒకటిన్నర శాతం తగ్గుతుంది, అదీ పర్లేదు. 17 అంగుళాల చవక అల్లాయ్‌లు మాత్రం వద్దు. బరువు జాస్తి, పైగా టైరు పక్కగోడ పొట్టిదైపోయి కావలి దాటాక తగిలే ఒక్క గుంతకి రిమ్ వంగుతుంది. ఎప్పటికైనా రిమ్ములు మార్చాలనుకుంటే పోలోకి అయిదు బోల్టులు, పీసీడీ అంటే ఆ బోల్టుల వలయం వ్యాసం 100, మధ్య రంధ్రం 57.1 మిల్లీమీటర్లు. రంధ్రం పెద్దదైన రిమ్ముకు ఆ ఖాళీ నింపే హబ్ రింగులు లేకపోతే వేగం 90 దాటగానే స్టీరింగ్ వణుకుతుంది. చక్రం బోల్టులు 120 న్యూటన్ మీటర్లకు టార్క్ రెంచితో బిగించమను. గాలి గన్నుతో అదిమి వదిలేస్తే ఒప్పుకోవద్దు.

ఇక స్ప్రింగులు, షాకబ్జర్లు. ఇక్కడ నువ్వొక నిర్ణయానికి రావాలి, ఒకసారి కొన్నాక వెనక్కి తీసుకునేది కాదు. బండిని దించాలా, ఉన్న ఎత్తులోనే గట్టిపరచాలా? బిల్‌స్టీన్ కంపెనీ షాకబ్జర్లలో బీ4 అంటే కంపెనీ షాకబ్జర్‌కి సమానం. బీ6 స్టాక్ ఎత్తుకి, కానీ గట్టిది. బీ8 దించిన స్ప్రింగుల కోసం పొట్టిగా చేసింది. బీ6 కొని ఏడాది తర్వాత బండిని దించే ఐబాక్ స్ప్రింగులు పెట్టుకుందాం అనుకుంటే మళ్లీ షాకబ్జర్లు కూడా కొనాల్సి వస్తుంది. కాయిలోవర్లలో కేడబ్ల్యూ కంపెనీ వేరియంట్ 1కి ఎత్తు మాత్రమే మారుతుంది, 2కి రీబౌండ్ (షాకబ్జర్ సాగేటప్పటి బిగువు) కూడా, 3కి కంప్రెషన్ (నొక్కుకునేటప్పటి బిగువు) కూడా. ఏ మరలు ఎంత తిప్పాలో తెలియని దశలో మరలు ఎక్కువున్న సామాను కొంటే దారి తప్పుతావు.

నా మాట అడిగితే, ఒంగోలు చుట్టుపక్కల తిరిగే బండికి స్టాక్ స్ప్రింగు మీద గట్టి షాకబ్జర్ చాలు. ఎందుకంటే పోలో నేల ఎత్తు సుమారు 165 మిల్లీమీటర్లు. 25 దించితే 140. నలుగురెక్కి డిక్కీలో సామాను పడితే ఇంకా కిందికి. రోడ్ల ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ (ఐఆర్‌సీ) ప్రకారం స్పీడ్ బ్రేకర్ 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పుతో మెల్లగా లేవాలి. మన ఊళ్ల ముందు జనం పోసుకునే సిమెంటు దిమ్మెలకి ఆ లెక్క లేదని నీకూ తెలుసు. ఎక్కువగా ఎన్‌హెచ్16 మీదే తిరుగుతానంటే 20 నుంచి 25 మిల్లీమీటర్లు దించు, అంతకు మించి ఒక్క మిల్లీమీటరూ వద్దు. 40 దించిన బండిలో ముందు లోయర్ ఆర్మ్ బయటి కొస పైకి తిరుగుతుంది, రోల్ సెంటర్, అంటే బండి ఒరిగే కేంద్రం, కిందికి జారి వంపులో బండి మునుపటికన్నా ఎక్కువ ఒరుగుతుంది. చూపుకి రేసు బండి, మలుపులో మొండి బండి. పైగా షాకబ్జర్‌కి కిందికి ప్రయాణించే చోటే మిగలక ప్రతి గుంతకీ బంప్ స్టాప్ అనే ఆపుడు రబ్బరు మీద పడుతుంది. స్టాక్ షాకబ్జర్ మీద దించే స్ప్రింగు ఒక్కటే వేస్తే జరిగేది ఇదే, సీలు తొందరగా పోతుంది.

బిగించే రోజు నువ్వు పక్కనే నిలబడు. రెండు విషయాలు కళ్లారా చూసుకోవాలి.

ఒకటి, పై నట్టు. షాకబ్జర్ రాడ్డు తిరగకుండా పైన అలెన్ కీతో పట్టుకుని నట్టు బిగించాలి. కొందరు రాడ్డు మెరుస్తున్న చోట ప్లయర్‌తో పట్టుకుని తిప్పుతారు. ఆ క్రోము మీద గోరంత గీత పడినా, రాడ్డు లోపలికీ బయటికీ ఆడిన ప్రతిసారీ ఆ గీత సీలును కోస్తుంది. కొన్నాళ్లకే కొత్త షాకబ్జర్ నూనె కారుస్తుంది. నేరం సామాను మీద పడుతుంది, తప్పు పానా పట్టిన చేతిది.

రెండోది ఇంకా ముఖ్యం. లోయర్ ఆర్మ్ బోల్టులు, వెనక బీమ్ (వెనక చక్రాలు రెంటినీ కలిపే దూలం) బుష్ బోల్టులు బండి గాలిలో వేలాడుతుండగా చివరి బిగింపు బిగించకూడదు. రబ్బరు బుష్ లోపలి ఇనప గొట్టం బోల్టు బిగియగానే అక్కడే ఆగిపోతుంది, ఆర్మ్ కదిలినప్పుడు తిరిగేది రబ్బరే. చక్రాలు వేలాడుతుండగా బిగిస్తే, బండి నేలకు దిగిన క్షణం నుంచి ఆ రబ్బరు పిండిన తడిగుడ్డలా మెలిపడి ఉంటుంది. కొద్ది నెలల్లో చీలుతుంది, బండి అసలు ఎత్తు కన్నా కొంచెం పైనే నిలుస్తుంది. అందుకని బోల్టులు వేలితో ఎక్కించి, చక్రాల మీద బరువు పడ్డాక, లేదా జాకీతో ఆర్మ్‌ను నువ్వు రాసుకున్న కొలత దాకా లేపాక, అప్పుడు టార్క్ పెట్టాలి. ఫోక్స్‌వ్యాగన్ చాలా చోట్ల సాగే బోల్టులు వాడుతుంది, టార్క్ తర్వాత ఇన్ని డిగ్రీలు తిప్పమని ఉంటుంది. అవి ఒక్కసారికే, పాతవి మళ్లీ ఎక్కించనీయకు. పై మౌంట్, బేరింగ్, బంప్ స్టాప్, దుమ్ము తొడుగు కొత్తవి తెచ్చుకునే వెళ్లు. స్ట్రట్ ఎట్టాగూ విప్పుతున్నప్పుడు వీటికి రెండోసారి కూలీ ఎందుకు?

అయిపోగానే అలైన్‌మెంట్, 500 కిలోమీటర్లు తిరిగి స్ప్రింగులు కుదురుకున్నాక మళ్లీ అలైన్‌మెంట్. పోలోలో స్ట్రట్ నకిల్ (చక్రం హబ్‌ను పట్టుకునే ముక్క) లోపలికి దూరి బిగింపుతో పట్టుకుని ఉంటుంది, రెండు బోల్టుల రకం కాదు. కాబట్టి ఎవరైనా చక్రం వాలు మార్చే క్యాంబర్ బోల్టులు అంటగడితే తీసుకోవద్దు, దీనికి పట్టవు. సబ్‌ఫ్రేమ్ (లోయర్ ఆర్మ్‌లు బిగించే కింది చట్రం) కొద్దిగా జరిపి రెండు పక్కలా సమానం చెయ్యడం వరకే వీలు. టో, అంటే పైనుంచి చూస్తే చక్రాల ముక్కులు తిరిగిన దిక్కు, సున్నా, లేదా రవ్వంత లోపలికి. కాగితం ప్రింటు అడిగి తీసుకో. దించిన బండికి హెడ్‌లైట్ల చూపు కూడా సరిచేయించు.

పోలోకి వంపులో ముక్కు బయటికి పోయే గుణం ఉంది. వెనక యాంటీ రోల్ బార్ (బండి ఒరగడాన్ని ఆపే కడ్డీ) దాన్ని బాగా తగ్గిస్తుంది, ఖర్చుకు తగ్గ మార్పు. కానీ టైర్లు, షాకబ్జర్లు కొత్తవయ్యాకే వెయ్యి. వానలో వంపు మధ్యన యాక్సిలరేటర్ ఒక్కసారిగా వదిలితే వెనకభాగం తిరిగే స్వభావం దాంతో పెరుగుతుంది. మంచి టైర్ల జత ఎప్పుడూ వెనకే. రెండు స్ట్రట్‌ల పై కొసలను కలిపే స్ట్రట్ బార్‌కి డబ్బు పెట్టకు.

బ్రేకుల సంగతి కొద్దిగా. నువ్వు దోర్నాల నుంచి శ్రీశైలం ఘాట్ దిగేటప్పుడు పెడల్ మెత్తబడిందన్నావు. బ్రేక్ ఆయిల్ నీరు పీల్చుకుంటుంది, మన సముద్రపు గాలిలో చెమ్మకి తక్కువ లేదు. డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ కొత్తప్పుడు 230 డిగ్రీల దాకా మరగదు, నీరు చేరాక 155కే మరిగినా ప్రమాణం లోపలే ఉన్నట్టు లెక్క. రెండేళ్లకోసారి మార్పించు. ముందు మంచి ప్యాడ్లు వేయించు. దిగుడులో రెండో మూడో గేరులో ఇంజిన్ మీద బండి ఆపుకో. ఇవయ్యేదాకా రీమ్యాప్ మాటే ఎత్తొద్దు.

ఇప్పుడు గేర్‌బాక్స్ వైపు. ముందుగా యాక్సిల్ జాయింట్ల మీది రబ్బరు తొడుగులు, అదే యాక్సిల్ బూట్లు చూడు. చీలితే రిమ్ లోపలి వైపు గ్రీజు చిమ్మి ఉంటుంది. స్టీరింగ్ పూర్తిగా తిప్పి కదిలినప్పుడు టక టక మంటే బయటి జాయింటు, తిన్నగా వేగం అందుకునేటప్పుడు వణికితే లోపలి జాయింటు. గేర్ ఆయిల్ జీవితకాలం అని చెప్తారు, 50 వేల కిలోమీటర్లకు మార్చేయి. సుమారు 2 లీటర్లు పడుతుంది. గ్రేడు బండి పుస్తకంలో ఉన్నదే పొయ్యాలి. గట్టిదని జీఎల్-5 రకం నూనె పోస్తే గేర్ల వేగం కలిపే సింక్రో రింగులకు మంచిది కాదు, గేరు పడేటప్పుడు గీరుతుంది. పాత నూనె వదిలేముందు నింపే ప్లగ్గు విప్పి చూడమను. అది పట్టేసి ఉంటే, ఖాళీ గేర్‌బాక్స్‌తో బండి అక్కడే ఉండిపోతుంది.

తక్కువ డబ్బుకి ఎక్కువ తేడా చూపేది కింది ఇంజిన్ మౌంట్‌లో పెట్టే పాలియూరిథేన్ (రబ్బరు కన్నా గట్టి ప్లాస్టిక్) ముక్క. మొదటి గేరులో ఒత్తినప్పుడు ఇంజిన్ ఊగడం తగ్గి, చక్రాలు గెంతడం తగ్గుతుంది, గేర్లు తేటగా పడతాయి. మెత్తటి రకమే తీసుకో. గట్టిదైతే ట్రంకు రోడ్డు సిగ్నల్ దగ్గర ఏసీ వేసుకుని నిలబడినప్పుడు అద్దాలు గడగడలాడతాయి. షార్ట్ షిఫ్టర్ కన్నా ముందు ఇది.

క్లచ్‌ను జారుడు తేల్చాలి, జాబితా కాదు. ఖాళీ రోడ్డు మీద అయిదో గేరులో ఇంజిన్ నిమిషానికి 2,000 తిరుగుళ్ల దగ్గర ఉండగా యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కు. తిరుగుళ్ల ముల్లు ఎగిరి, బండి వేగం అందుకోకపోతే క్లచ్ జారుతోందని అర్థం. జారకపోతే దాన్ని ముట్టొద్దు. రీమ్యాప్ చేయించినా క్లచ్‌ను చంపేది హార్స్‌పవర్ అంకె కాదు, తక్కువ తిరుగుళ్లలో పెద్ద గేరులో వచ్చి పడే టార్క్. అందుకే రీమ్యాప్ చేసే ట్యూనర్‌ను కింది తిరుగుళ్లలో టార్క్ అదుపులో పెట్టమని అడుగు. 200 న్యూటన్ మీటర్లు దాటిస్తే సగం అరిగిన క్లచ్ జారడానికి సిద్ధంగా ఉండు. మార్చే రోజు వస్తే ఆర్గానిక్ ప్లేటు, కాస్త గట్టి ప్రెషర్ ప్లేటు. సెరామిక్ ముక్కల ప్లేటు సగం నొక్కి నడపడానికి ఒప్పుకోదు, కర్నూలు రోడ్డు సాయంత్రం రద్దీలో బండి ఎక్కిళ్లు పడుతుంది. గేర్‌బాక్స్ దించాక రిలీజ్ బేరింగ్ కూడా మార్చు, వెనక క్రాంక్ సీలు తడి ఉందేమో చూడు. క్లచ్ ఆనే ఫ్లైవీల్ డ్యుయల్ మాస్ (మధ్యలో స్ప్రింగులున్న రెండు ముక్కల) రకమైతే దాన్ని లేత్ మీద పెట్టనీయకు. కొత్త క్లచ్‌తో మొదటి 500 కిలోమీటర్లు ఊళ్లోనే, మెత్తగా. నీ స్నేహితుడి డీఎస్‌జీ ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌కి ఈ మాటలు వర్తించవు. ఆ ఏడు గేర్ల డ్రై క్లచ్ పెట్టె 250 న్యూటన్ మీటర్ల హద్దుకు చేసింది, అతన్ని వేరేగా అడగమను.

ఒక చక్రం ఊరికే తిరిగిపోకుండా బలం రెండో చక్రానికి పంపే లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ నీకు ఇప్పుడు అక్కర్లేదు. క్వైఫ్ కంపెనీది లాంటి హెలికల్ (ఏటవాలు పళ్ల గేర్ల) రకం మంచిదే, కానీ ఒక చక్రం గాలిలోకి లేస్తే అదీ మామూలు డిఫరెన్షియల్ లాగే పనిచేస్తుంది. ఈ బలానికి మంచి టైరే చాలు.

చట్టం మాట కూడా విను. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో రాసిన వివరాలు మారేలా బండిని మార్చకూడదు. బీమా కంపెనీకి మార్పులు రాతపూర్వకంగా చెప్పు, లేకపోతే క్లెయిము రోజున చిక్కు. బండి హద్దు ఎంతో చూడాలనిపిస్తే చెన్నై దగ్గరి ఇరుంగట్టుకోట్టై రేసు ట్రాక్ మనకు దూరం కాదు. ట్రాక్ డే ఉన్నప్పుడు అక్కడికి పో, టంగుటూరు టోల్ దాటాక మాత్రం ఆ పని పెట్టుకోకు.

ఈ ఆదివారం రాంప్ పని ముగించి నాలుగు టైర్ల డాట్ అంకెలు, నాలుగు మూలల కొలతలు, లోయర్ ఆర్మ్ బుష్‌ల ఫోటోలు పంపించు. అవి చూసి బీ6 తీసుకోవాలా బీ8 తీసుకోవాలా చెప్తాను. అప్పటిదాకా కాయిలోవర్ల అడ్వాన్సు కట్టొద్దు.

మీ అమ్మని అడిగానని చెప్పు.

మామ,
నెల్లూరు