మేనకోడలికి, కొరడాతో పాటు

చిట్టీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. "నీ మేనకోడలు గుర్రమెక్కి కుక్కలతో నక్కల వెంట పడుతుందట, అంతా నువ్వు నేర్పిన విద్యే" అని పెట్టేసింది. నేను నేర్పిందేముంది? సెలవులకి వచ్చినప్పుడు నాలుగుసార్లు గుర్రపుశాలకి తీసుకెళ్ళాను. అయినా అమెరికాలో, వర్జీనియాలోని మిడిల్‌బర్గ్ దగ్గర మీట్‌కి, అంటే వేటకి అందరూ కలిసే చోటికి, నీకు పిలుపొచ్చిందని విన్నాక నిద్ర పట్టలేదు, సగం పొంగిపోయి, సగం భయపడి. నువ్వు గుర్రం మీంచి పడతావేమోనన్న భయమైతే లేదు. పడతావు, అందరూ పడతారు. నా భయం ఇంకొకటి ఉంది, దాని దగ్గరికి వస్తాను.

పార్సిల్లో ఒక కొరడా పంపుతున్నాను. ముందు దాని సంగతి విను.

రైడింగ్ క్లాసులో నువ్వు పట్టుకునే పొట్టి కర్ర వేరు, ఇది వేరు. ఇందులో మూడు భాగాలున్నాయి. కర్ర 18 నుంచి 20 అంగుళాలు. దాని ఒక చివర దుప్పికొమ్ముతో చేసిన కొక్కెం, రెండో చివర తోలు ఉచ్చు. ఆ ఉచ్చుకి తగిలించిన అల్లిక తోలు వారుని థాంగ్ అంటారు. నీకు పంపింది నాలుగున్నర అడుగులది, ఫీల్డులో, అంటే వేట వెనక గుర్రాల మీద వచ్చే గుంపులో, తిరిగేవాళ్ళకి అది చాలు. వేటకుక్కల్ని నడిపించే స్టాఫ్ వాడేది ఇంకా పొడుగు. థాంగ్ కొసన జానెడు లోపు పట్టుదారం ఉంటుంది, అది లాష్. ఎడ్లబండి చెర్నాకోల ఛెళ్ళుమన్నట్టే ఇదీ ఛెళ్ళుమంటుంది. కొస ధ్వని వేగాన్ని దాటినప్పుడు పుట్టే చప్పుడది. దారం త్వరగా చివికిపోతుంది గనక విడిగా మార్చుకునేలా ముడివేస్తారు. రెండు కొత్తవి కాగితంలో చుట్టి పెట్టాను.

కొక్కేనికీ కర్రకీ మధ్య వెండి పట్టీ మీద నా పొడి అక్షరాలున్నాయి. పక్కనే నీవి చెక్కించుకో. అడవిలో పడిపోయిన కొరడా నీ చేతికి తిరిగి రావాలంటే ఆ అక్షరాలే ఆధారం.

పట్టుకోవడం ఇలా. కర్ర బరువు ఎక్కడ సమంగా తూగుతుందో అక్కడ పట్టు. కొక్కెం నీ పిడికిలికి కింద ఉండాలి. థాంగ్‌ని రెండు మూడు మడతలు పెట్టి అదే చేతిలోకి తీసుకో. మడత అన్నాను, చుట్ట అనలేదు. వేళ్ళకో మణికట్టుకో చుట్టావంటే, కొస ఎక్కడో చిక్కుకుని గుర్రం ముందుకి దూకిన క్షణంలో తోలు బిగుస్తుంది, వేలు పోతుంది. చలికాలం పొద్దున చేతులు మొద్దుబారి, ఎక్కడ జారిపోతుందోనన్న భయంతో చుట్టుకోవాలనిపిస్తుంది. జారిపోనీ. దిగి తీసుకోవచ్చు.

ఈ కొరడాతో హౌండ్‌ని, అంటే వేటకుక్కని, కొట్టకూడదు. ఫీల్డులో ఉన్నవాళ్ళు దీన్ని ఛెళ్ళుమనిపించకూడదు కూడా. ఆ చప్పుడు స్టాఫ్ సొత్తు. దారి తప్పిన హౌండ్‌నో, జింక వెంట పడ్డ హౌండ్‌నో వెనక్కి మళ్ళించడానికి విప్పర్-ఇన్ వాడే భాష అది. మధ్యలో నువ్వూ ఒక మాట విసిరితే అవి ఎవరి మాట వినాలి? విప్పర్-ఇన్‌ని అక్కడ ముద్దుగా విప్ అంటారు. మన టీవీల్లో ఎమ్మెల్యేలకి "విప్ జారీ" అంటారే, ఆ మాట పుట్టింది ఇక్కడే. చెదిరిన హౌండ్లని మందలోకి చేర్చే మనిషి పేరు బ్రిటన్ పార్లమెంటుకెళ్ళింది, అక్కడినుంచి మన అసెంబ్లీకొచ్చింది. మీ నాన్నకి చెప్పు, నవ్వుతాడు.

మరి చప్పుడు చెయ్యని కొరడా ఎందుకంటావేమో. రెండు పనులకి. ఒకటి గేటు. గుర్రాన్ని గేటుకి పక్కగా, తల గడియ వైపు వచ్చేలా నిలిపి, గేటు వైపు చేతిలోకి కొరడా మార్చుకో. లాగాలంటే కొక్కెం, తొయ్యాలంటే కొక్కెం వీపు. జారకుండా దాన్ని గరుకుగా చేసి ఉంటారు. గేటు తీసే ముందు థాంగ్ మొత్తం చేతిలో ఉందో లేదో చూసుకో. రెండోది హౌండ్లు పక్కనించి పోతున్నప్పుడు. మడతలు వదిలి థాంగ్‌ని హౌండ్ల వైపు నిటారుగా వేలాడనివ్వాలి. ఊపక్కర్లేదు. "ఇక్కడ గుర్రం కాళ్ళున్నాయి, ఎడంగా పో" అని వాటికి అర్థమవుతుంది.

ఇప్పుడు నా భయం సంగతి. నా రెండో సీజన్లో నేను చేసిన తప్పు ఇది.

రెండు కంచెల మధ్య ఇరుకు బాట. వెనకనించి "హంట్స్‌మన్, ప్లీజ్" అని అరుపు. హౌండ్లని నడిపించే హంట్స్‌మన్ వాటితో వస్తున్నాడు, దారివ్వమని దాని అర్థం. నేను గుర్రాన్ని పక్కకి తప్పించాను, కానీ తల కంచె వైపు పెట్టి. అంటే దాని వెనక భాగం బాటకి అడ్డంగా నిలిచింది. మనుషులకి దారిచ్చేటప్పుడు మనం గోడవైపు తిరుగుతామే, అదే అలవాటు. థాంగ్ వదలాలని గుర్తుంది, వదిలాను, కానీ చెయ్యి వెనక్కి పోయింది. థాంగ్ గుర్రం పిర్ర మీదుగా జారి తోక కిందకి వెళ్ళింది. గుర్రం తోక బిగించింది. నేను లాగాను. అది తన్నింది. సరిగ్గా అప్పుడే అక్కడ ఒక హౌండ్ ఉంది. దాని ముందుకాలు విరిగింది.

ఇందులో నాలుగు తప్పులున్నాయి, విడదీసి చెబుతాను. మొదటిది తల దిశ. హౌండ్లు ఎటునించి వస్తే గుర్రం తల అటే ఉండాలి. వెనకభాగం కంచెలోకో పొదల్లోకో పోవాలి. గుర్రం తన కంటికి కనిపించిన హౌండ్‌ని తన్నడం అరుదు. వెనక కాళ్ళ దగ్గర గబుక్కున ఏదో కదిలితే తంతుంది. తల హౌండ్ల వైపు ఉంటే దానికి అవి కనిపిస్తాయి, దాని వెనక కాళ్ళు అందనంత దూరంలో ఉంటాయి. అరుపు వినగానే ముందు చూడాల్సింది ఏ వైపునించి అన్నది. చూడకుండా తిప్పావంటే సగంసార్లు తప్పుతావు.

రెండోది చోటు. అంత ఇరుకు బాటలో అసలు ఆగి ఉండకూడదు. మందకొడిగా నడుస్తున్నప్పుడు కూడా, నాలుగు గుర్రాలు పక్కకి తప్పుకోగలిగే వెడల్పు ఎక్కడుందో చూసుకుంటూ పోవాలి. మూడోది చెయ్యి. థాంగ్ వదిలేటప్పుడు చెయ్యి నీ మోకాలి కన్నా వెనక్కి పోకూడదు. థాంగ్ రికాబు పక్కనే నిలువుగా దిగాలి. నాలుగోది, అన్నిటికన్నా పెద్దది, లాగడం. తోక కింద ఏది ఇరికినా గుర్రం తోకని శరీరానికి అదుముకుంటుంది. లాగితే ఇంకా అదుముకుంటుంది, తర్వాత తన్నులు. అలా జరిగితే కొరడా వదిలెయ్. మొత్తం వదిలెయ్, వెండి పట్టీతో సహా. ఒక పగ్గం దగ్గరికి తీసుకుని గుర్రాన్ని చిన్న వలయంలో తిప్పు. తిరుగుతున్న గుర్రం గట్టిగా తన్నలేదు. తోక వదులయ్యాక థాంగ్ అదే జారిపోతుంది.

అలాంటిది నీ చేతిలో ఎప్పటికీ జరగకూడదు. ఒకవేళ జరిగితే క్షణం దాచకు. దెబ్బతిన్న హౌండ్ కుంటుకుంటూ పొదల్లోకి పోయి పడుకుంటుంది, ఎవరికీ తెలియకపోతే రాత్రంతా అక్కడే ఉంటుంది. వెంటనే గుర్రం దిగి, దగ్గర్లో ఉన్న స్టాఫ్‌కి చెప్పు. హంట్స్‌మన్‌కి ఆ హౌండ్ పేరు, దాని తల్లి పేరు తెలుసు. తర్వాత ఆయన్నీ, వేటకి పెద్ద అయిన మాస్టర్‌నీ నువ్వే కలిసి క్షమాపణ చెప్పు. ఫోన్లో మెసేజ్ పెట్టి ఊరుకోకు. మర్నాడు హౌండ్లుండే కెన్నెల్‌కి వెళ్ళు. నేను వెళ్ళడానికి మూడు రోజులు ఆలస్యం చేశాను. ఆ హంట్స్‌మన్ ఒక్క మాట అనలేదు, అది ఇంకా బాధ.

ఇక గుర్రం అలవాటు. మీట్ రోజున మొదటిసారి కొరడా తీశావంటే నీ చెవులు మెలిపెడతాను. నెల ముందే మొదలుపెట్టు. ముందు నేల మీద నిలబడి, హెల్మెట్ పెట్టుకుని, కళ్ళకి అద్దాలు పెట్టుకుని, గుర్రం లేకుండా నీ చేతికి అలవాటు చేసుకో. తర్వాత గుర్రాన్ని పట్టుకుని మడిచిన థాంగ్‌తో మెడ, వీపు, పిర్ర నెమ్మదిగా రుద్దు. భయం పోయాక ఎక్కి, రెండు వైపులా వేలాడదీసి నడిపించు. ఆఖర్న ఒక స్నేహితురాలిని యాభై అడుగుల దూరాన నిలబెట్టి ఛెళ్ళుమనిపించమను, రోజుకి కొంచెం దగ్గరికి రమ్మను. ఇదంతా నువ్వు చప్పుడు చెయ్యడానికి కాదు, స్టాఫ్ చేసినప్పుడు నీ గుర్రం బెదరకుండా ఉండటానికి. తన్నే అలవాటున్న గుర్రమైతే తోకకి ఎర్ర రిబ్బన్, కొత్త గుర్రమైతే ఆకుపచ్చ. ఎర్ర రిబ్బన్ కట్టావని తప్పు మాఫీ కాదు, ఎప్పుడూ వెనకాలే ఉండాలి.

మిగతా మర్యాదలు నీకు సగం తెలిసే ఉంటాయి. వెళ్ళగానే మాస్టర్ దగ్గరికెళ్ళి "గుడ్ మార్నింగ్, మాస్టర్". మధ్యాహ్నం పన్నెండుకి ఇంటికి బయల్దేరినా "గుడ్ నైట్". చెప్పకుండా మాత్రం వెళ్ళకు, నువ్వెక్కడో పడిపోయావనుకుని వెతుకుతారు. అతిథి కట్టాల్సిన రుసుము, క్యాప్ అంటారు, ముందే కవర్లో పెట్టుకో. ఫీల్డుని ముందుండి నడిపించే ఫీల్డ్ మాస్టర్ని ఎప్పుడూ దాటకు. గేటు వేసేవాళ్ళు గుర్రమెక్కి సర్దుకునే దాకా ఆగు. మిగతా గుర్రాలు వెళ్ళిపోతే వాళ్ళ గుర్రం నిలవదు. విత్తిన పొలమైతే గట్టు వెంట ఒకరి వెనక ఒకరు. కంచె కర్ర విరిగితే ఏ చోటో గుర్తుపెట్టుకుని చెప్పు. రైతు పొలంలోకి రానిస్తేనే ఇదంతా ఉంది.

మాటలు కూడా జాగ్రత్త. వాటిని కుక్కలనకు, హౌండ్లు. లెక్క జతల్లో, ఎడ్లలాగే. ఇరవై అయిదుంటే పన్నెండున్నర జతలు. అక్కడి వాళ్ళకి హౌండ్లంటే ప్రాణం. 1905 నవంబరులో ఇంగ్లీషు హౌండ్లు గొప్పా, అమెరికన్ హౌండ్లు గొప్పా అని ఆ చుట్టుపక్కల పొలాల్లోనే రెండు వారాలు పందెం నడిచింది, తీర్పు అమెరికన్ల వైపు వచ్చింది. ఆ మాట ఇప్పటికీ నిన్నటిదానిలా చెప్పుకుంటారు. హౌండ్లు వాసన పోగొట్టుకుని ఆగినప్పుడు మాత్రం నోరు మూసుకో. హంట్స్‌మన్ వినాలి, అవి తల ఎత్తకూడదు. నక్క నీకు కనిపిస్తే అరవకు. అది పోయిన దిక్కుకి గుర్రం ముక్కు తిప్పి నిలబడి, చెయ్యి చాచి చూపించు.

బట్టలు. సెప్టెంబరు, అక్టోబరుల్లో ట్వీడ్ కోటు చాలు. నవంబరు దగ్గర సీజన్ లాంఛనంగా మొదలయ్యాక నల్లకోటు, మెడకి తెల్ల స్టాక్ గుడ్డ. పిన్ను అడ్డంగా గుచ్చు. నిలువుగా పెట్టి పడ్డావంటే గొంతులో దిగుతుంది. ఆ గుడ్డ అలంకారం అనుకోకు. చెయ్యి విరిగితే జోలె కట్టడానికి, గుర్రానికి దెబ్బ తగిలితే కట్టు కట్టడానికి. ఎర్రకోటు జోలికి ఇప్పుడు పోకు.

మీ అమ్మ అసలు ప్రశ్న నక్క గురించి, దాన్ని చంపుతారా అని. ఆమెకి నిజమే చెప్పు. వర్జీనియాలో వాళ్ళకి కావలసింది తరమడం. నక్క బొరియలో దూరిందంటే హంట్స్‌మన్ కొమ్ము ఊది హౌండ్లని మెచ్చుకుని వెనక్కి తీసుకుపోతాడు. ఎప్పుడూ ఏదీ చావదని మాత్రం చెప్పకు, అబద్ధమవుతుంది. ఇంగ్లండులో ఈ వేటని 2004 చట్టం ఆపింది, 2005 ఫిబ్రవరి నుంచి అమలు. అక్కడిప్పుడు ముందే వేసిన వాసన జాడ వెంట పరిగెడతారు. నీ మనసు ఒప్పుకోకపోతే అలాంటి డ్రాగ్ హంట్లు అమెరికాలోనూ ఉన్నాయి. కొరడా మర్యాద రెండింట్లోనూ ఒకటే.

ఇంటికొచ్చాక థాంగ్‌ని తడి గుడ్డతో తుడిచి, శాడిల్ సబ్బు పట్టించి, మంటకి దూరంగా వేలాడదీసి ఆరనివ్వు. హీటర్ మీద ఆరేస్తే అల్లిక పగులుతుంది. లాష్ చివికితే ఆ రాత్రే మార్చు. అంతకన్నా ముందు, బూట్లు ఇంకా కాళ్ళకుండగానే, మీ అమ్మకి ఫోన్ చెయ్యి.

మావయ్య