1971 యుద్ధంలో పాకిస్థాన్ సబ్‌మెరైన్ ఘాజీపై డెప్త్ ఛార్జీలు (నీళ్లలోపల పేలే బాంబులు) వేసిన ఐఎన్‌ఎస్ రాజ్‌పుత్, 2021లో రిటైరైన ఐఎన్‌ఎస్ రాజ్‌పుత్ ఒకటేనా?

కాదండీ, రెండూ వేర్వేరు ఓడలు. 2021 మే 21న విశాఖలో రాజ్‌పుత్‌ను సర్వీసు నుంచి తప్పించిన రోజు, 'ఘాజీని ముంచిన ఓడకు వీడ్కోలు' అంటూ మా మేనల్లుడే నాకు మెసేజ్ పంపాడు. అది సోవియట్ యూనియన్‌లో కట్టింది, మన నేవీలో చేరిందే 1980లో. 1971లో అదెక్కడిది?

ఘాజీ నాటి రాజ్‌పుత్ రెండో ప్రపంచ యుద్ధం నాటి డిస్ట్రాయర్ రకం యుద్ధనౌక. అసలు పేరు హెచ్‌ఎంఎస్ రోథర్‌హామ్. స్కాట్లాండ్‌లోని క్లైడ్‌బ్యాంక్‌లో జాన్ బ్రౌన్ యార్డులో కట్టారు, 1942 మార్చిలో నీళ్లలోకి దించారు. బ్రిటిష్ ఈస్టర్న్ ఫ్లీట్‌తో హిందూ మహాసముద్రంలో తిరిగింది. 1945 సెప్టెంబరులో సింగపూర్ మళ్లీ బ్రిటిష్‌వాళ్ల చేతికి వచ్చినప్పుడు అక్కడే ఉంది. 1949లో మనకొచ్చింది. రంజిత్, రాణా అనే మరో రెండు డిస్ట్రాయర్లూ ఆ రోజుల్లోనే వచ్చాయి.

1971 నాటికి ముసలిదైపోయింది, ఇక పక్కన పెట్టేద్దామనుకుంటున్న ఓడ. సరిగ్గా అప్పుడే దానికో వేషం కట్టారు. మన విమానవాహక నౌక విక్రాంత్‌ను వెతుక్కుంటూ ఘాజీ నవంబర్ 14న కరాచీలో బయల్దేరింది. విక్రాంత్‌నేమో అండమాన్ వైపు దాచేసి, రాజ్‌పుత్‌ను విశాఖకు 160 మైళ్ల దూరంలోకి పంపి, అదే విక్రాంత్ అనిపించేలా వైర్‌లెస్ సందేశాలు పంపించారు. ఊళ్లో కాంట్రాక్టర్ల దగ్గర మాంసం, కూరగాయలు భారీగా ఆర్డర్ చేశారు. విక్రాంత్ నావికుడొకడు తల్లి ఆరోగ్యం అడుగుతున్నట్టు మామూలు టెలిగ్రాం కూడా వెళ్లింది. ఇదంతా అప్పటి తూర్పు నౌకాదళాధిపతి వైస్ అడ్మిరల్ కృష్ణన్ పన్నిన ఎత్తు.

డిసెంబర్ 3 రాత్రి నాకు తొమ్మిదేళ్లు. మాది విశాఖ వన్‌టౌన్. కిటికీలకు నల్ల కాగితాలు అంటించి, ఇందిరాగాంధీ మాట్లాడతారని పెద్దవాళ్లంతా రేడియో చుట్టూ కూర్చున్నారు. నేను సగం నిద్రలో ఉన్నాను. ఒక్కసారిగా కిటికీ అద్దాలు గలగలలాడాయి, అల్మారాలో గ్లాసు కిందపడింది. బాంబు వేశారనుకుని అమ్మ మమ్మల్ని మంచం కిందకి తోసేసింది. తెల్లారేదాకా అందరికీ ఒకటే టెన్షన్. అసలు సంగతి కొన్ని రోజుల తర్వాత తెలిసింది. జాలర్లకు సముద్రంలో లైఫ్ జాకెట్లు, చెక్క ముక్కలు దొరికాయట.

ఆ రాత్రి లెఫ్టినెంట్ కమాండర్ ఇందర్ సింగ్ రాజ్‌పుత్‌ను రేవు దాటించాక, నీళ్లలో ఏదో అలజడి కనిపించిందని రెండు డెప్త్ ఛార్జీలు వేయించారు. కొద్ది నిమిషాలకు పెద్ద పేలుడు. ఘాజీలో 90 మందికి పైగా పోయారు. ముంచింది రాజ్‌పుతేనని మన నేవీ అంటుంది. తను పరిచిన మైన్ల (నీళ్లలో పెట్టే మందుపాతరల) వల్లో, లోపలి పేలుడు వల్లో మునిగిందని పాకిస్థాన్ వాదన. అద్దాలు అదిరిన ఇంట్లో పెరిగాను కాబట్టి నేనెటు మొగ్గుతానో మీకు తెలుసు, కానీ అది సాక్ష్యం కాదు లెండి.

పాత రాజ్‌పుత్ 1976లో సర్వీసు నుంచి తప్పుకుంది. విశాఖ బీచ్‌రోడ్డులో చూపించే కురుసుర సబ్‌మెరైన్‌కు ఈ కథతో సంబంధం లేదు. ఫొటో దొరికితే పక్కన నంబరు చూడండి. డి-141 అయితే పాతది, దానికి ఒకే పొగగొట్టం. డి-51 అయితే మా మేనల్లుడు మెసేజ్‌లో చెప్పిన, 2021లో రిటైరైన ఓడ.