‘ఎప్పటికీ అమ్మం’ అన్న మాట ఎక్కడికి పోయింది?

ప్రశ్న: పన్నెండేళ్లుగా ఒకే బ్రౌజర్ వాడుతున్నాను. పేరు రాయను. ‘మీ గోప్యతే మా ధ్యేయం’ అన్నారని నమ్మి ఇంట్లో అందరి ఫోన్లలో, కంప్యూటర్లలో అదే పెట్టించాను. ఈమధ్య షరతులు మారాయని విని సెట్టింగ్స్ తెరిచి చూశాను. నేనెప్పుడూ నొక్కని టిక్కులు మూడు ఉన్నాయి, మూడూ డేటా పంపడానికే. మా అమ్మాయి పక్కనుంచి చూసి, “ఇన్నాళ్లూ నాకు క్లాసులు పీకావుగా నాన్నా” అని ఒకటే నవ్వు. అందరూ ఆ తాను ముక్కలే అయినప్పుడు, అందరూ వాడే పెద్ద కంపెనీ బ్రౌజర్‌కే మారిపోతే పోలేదా?
– ఓ పాఠకుడు

జవాబు: టిక్కుల సంగతి తర్వాత. మీ అమ్మాయి నవ్విందన్నారు చూశారూ, మీకు అసలు దెబ్బ అక్కడ తగిలింది. నలుగురికీ చెప్పి పెట్టించిన మనిషికి తన మాటే పోయినట్టుంటుంది. ఆ బాధ నాకూ తెలుసు. ఈ శీర్షికలో ఎంతమందికి ఫైర్‌ఫాక్స్ పెట్టుకోమని రాశానో లెక్కలేదు.

అందుకే ముందు దాని గురించే చెప్తాను. 2025 ఫిబ్రవరి చివర్లో ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ తయారుచేసే మొజిల్లా సంస్థ దానికి కొత్తగా వాడకం షరతులు తెచ్చింది. మీరు ఇందులో టైప్ చేసే, అప్‌లోడ్ చేసే సమాచారాన్ని వాడుకోవడానికి మాకు లైసెన్సు ఇస్తున్నారు అన్న అర్థంలో అందులో ఒక వాక్యం ఉంది. జనం గగ్గోలు పెట్టారు. రోజుల వ్యవధిలోనే ఆ వాక్యాన్ని మార్చి రాశారు. మీరు అడిగిన పని చేసిపెట్టడానికి ఆ అనుమతి కావాలి, అంతకు మించి ఏమీ లేదని సంజాయిషీ ఇచ్చారు. 2004లో మొదటి వెర్షన్ వచ్చినప్పటి నుంచి ఆ పని చేసిపెడుతూనే ఉన్నారు కదా, ఇప్పుడే లైసెన్సు ఎందుకు అవసరమైందన్నది నా సందేహం.

అంతకన్నా నన్ను బాధపెట్టింది ఇంకొకటి. ‘మా డేటా అమ్ముతారా?’ అన్న ప్రశ్నకు ‘లేదు, ఎప్పుడూ అమ్మలేదు, ఎప్పటికీ అమ్మం’ అని వాళ్ల సైట్‌లో ఏళ్ల తరబడి ఒక జవాబు ఉండేది. అదే సమయంలో దాన్ని తీసేశారు. కాలిఫోర్నియా చట్టం లాంటివాటిలో ‘అమ్మడం’ అన్న మాటకు అర్థం చాలా విశాలంగా ఉందని, డబ్బే కాకుండా విలువైనది ఏది పుచ్చుకుని డేటా ఇచ్చినా అది అమ్మకం కిందికే వస్తుందని వివరణ. అది అబద్ధం కాదు. కానీ ఆ వివరణలోనే అసలు సంగతి ఉంది. కొత్త ట్యాబ్‌లో కనిపించే ప్రకటనల కోసం, సెర్చ్‌లో వచ్చే స్పాన్సర్డ్ సూచనల కోసం కొంత డేటా భాగస్వాములకు వెళ్తోందని, మనిషిని గుర్తుపట్టకుండా చేసే పంపుతామని వాళ్లే చెప్పారు. మన ఇళ్లలో అమ్మడం అంటే ఏమిటో, ఇచ్చిపుచ్చుకోవడం అంటే ఏమిటో అందరికీ తెలుసు. వాళ్ల లాయర్లకు ఇంకా బాగా తెలుసు.

మీరు చూసిన టిక్కుల లాంటివాటికి కూడా ఒక కథ ఉంది. 2024 జులైలో వచ్చిన ఫైర్‌ఫాక్స్ 128లో, ప్రకటనలు పనిచేస్తున్నాయో లేదో లెక్కగట్టే ఏర్పాటు ఒకటి పెట్టారు. నిజం చెప్పాలంటే దాన్ని తయారుచేసిన తీరులో తెలివి ఉంది. లెక్కను రెండు ముక్కలు చేసి రెండు వేర్వేరు సంస్థల సర్వర్లకు పంపేవారు. ఏ ఒక్కరికీ మీరెవరో తెలిసేది కాదు, చివరికి మొత్తం అంకె మాత్రమే బయటికొచ్చేది. మరి తప్పెక్కడంటే, టిక్కు ముందే పెట్టి ఇచ్చారు. అడగలేదు. ఆ సెప్టెంబరులో నోయిబ్ అనే, గోప్యత హక్కుల కోసం పోరాడే యూరప్ సంస్థ ఆస్ట్రియాలో ఫిర్యాదు చేసింది కూడా ఈ అడక్కపోవడం మీదే.

ఇక మిగతావాళ్లు. బ్రేవ్ బ్రౌజర్ 2020లో దొరికిపోయింది. క్రిప్టో కరెన్సీ కొని అమ్మే ఒక సైట్ అడ్రస్ టైప్ చేస్తే, చివర తన కమిషన్ కోడ్ తగిలించేది. పట్టుబడ్డాక దాని అధినేత బ్రెండన్ ఐక్ క్షమాపణ చెప్పారు. డక్‌డక్‌గో బ్రౌజర్ అందరి ట్రాకర్లనూ (మనం ఏం చూస్తున్నామో వెంటపడి గమనించేవాటిని) ఆపి, వేరే సైట్లలో ఉన్న మైక్రోసాఫ్ట్ ట్రాకర్లలో కొన్నిటిని మాత్రం వదిలేస్తోందని 2022 మేలో ఒక పరిశోధకుడు బయటపెట్టాడు. మైక్రోసాఫ్ట్‌తో చేసుకున్న సెర్చ్ ఒప్పందంలో అలా ఉంది, మా చేతులు కట్టేశారు అని డక్‌డక్‌గో వాళ్లు అన్నారు. ఆగస్టులో సరిచేసుకున్నారు.

ఈ మూడూ పక్కపక్కన పెట్టి చూడండి. ప్రతిసారీ చిరిగింది జేబు దగ్గరే. బ్రౌజర్‌కు మనం పైసా ఇవ్వం. మొజిల్లాకు వచ్చే డబ్బులో ఎక్కువ భాగం, గూగుల్‌ను ముందే పెట్టి ఇచ్చే సెర్చ్‌గా ఉంచినందుకు గూగుల్ ఇచ్చేదే. డక్‌డక్‌గోకు మైక్రోసాఫ్ట్ ప్రకటనల ఒప్పందం. అందుకే ఇప్పుడు నేను ఏ బ్రౌజర్ గురించైనా ఆ నినాదాలు చదవడం మానేశాను. డబ్బు ఎక్కడినుంచి వస్తుంది, పెట్టగానే ఏ టిక్కులు ముందే ఉన్నాయి, ఈ రెండే చూస్తున్నాను.

మరి పెద్ద కంపెనీ బ్రౌజర్‌కు మారిపోవాలా? పెనం మీంచి పొయ్యిలో పడతారు. వీళ్లు పక్కదారి ఆదాయం కోసం అప్పుడప్పుడూ తప్పటడుగు వేశారు. అక్కడ మనుషుల్ని గమనించి ప్రకటనలు చూపడమే అసలు వ్యాపారం. రెండూ ఒకటి కావు. గుడ్డిలో మెల్ల అంటారే, అంత తేడా ఉంది.

ఫైర్‌ఫాక్స్ వాడేవాళ్లు ఒక పని చేసి చూడొచ్చు. అడ్రస్ బార్‌లో ఇంగ్లిష్ అక్షరాల్లో అబౌట్ అని కొట్టి, కోలన్ పెట్టి, ఖాళీ వదలకుండా టెలిమెట్రీ అని కొట్టండి. ఒక పేజీ తెరుచుకుంటుంది. మీ బ్రౌజర్ ఏం లెక్కపెడుతోందో అంతా అందులో ఉంటుంది. నేను మొన్న ఆదివారం కూర్చుని చూశాను. ప్రాసెసర్ ఏది, మెమరీ ఎంత, బ్రౌజర్‌కు అదనంగా తగిలించే యాడ్-ఆన్లు ఏవేవి పెట్టుకున్నాను, ఒకేసారి ఎక్కువలో ఎక్కువ ఎన్ని ట్యాబ్‌లు తెరిచాను. నావి 63. సిగ్గేసింది. ఎన్ని పేజీలు తెరిచానో ఉంది కానీ, ఏ సైట్ చూశానో లేదు. అది చూశాక టెన్షన్ సగం తగ్గింది. మిగతా సగం తగ్గాలంటే సెట్టింగ్స్‌లో ప్రైవసీ విభాగం తెరిచి, డేటా సేకరణ అన్నచోట టిక్కులు తీసేయండి. పాత డేటా 30 రోజుల్లో తుడిచేస్తామని అక్కడే రాసి ఉంటుంది.

ఆ పనేదో అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని చేయండి. ఈసారి క్లాసు తనని చెప్పనివ్వండి.

ప్రశ్న: ప్రైవేట్ విండోలో చూస్తే ఎవరికీ తెలియదంటారు. నిజమేనా?
– ఓ పాఠకురాలు

జవాబు: మీ ఇంట్లోవాళ్లకు తెలియదు. అంతవరకే. విండో మూయగానే హిస్టరీ, కుకీలు మీ కంప్యూటర్‌లో మిగలవు. మీరు చూసిన సైట్‌కు, మీ నెట్ ఇచ్చే కంపెనీకి తెలుస్తూనే ఉంటుంది. గూగుల్ బ్రౌజర్ క్రోమ్‌లో ప్రైవేట్ విండోను ఇన్‌కాగ్నిటో అంటారు, దాని మీద 2020లో అమెరికాలో కేసు పడింది. 2024లో రాజీ కుదిరి, అలా పోగైన వందల కోట్ల రికార్డులు చెరిపేయడానికి గూగుల్ ఒప్పుకుంది. చెరిపేయడానికి అన్ని ఉన్నాయంటే అర్థం చేసుకోండి. ఇప్పుడు ఆ విండో తెరవగానే కనిపించే హెచ్చరికలో, సైట్లు డేటా సేకరించే తీరు దీనివల్ల మారదని, అందులో గూగుల్ కూడా ఉందని రాశారు. ఒకసారి తెరిచి చదవండి.

ప్రశ్న: గోప్యత కోసం నా బ్రౌజర్‌లో పది ఎక్స్‌టెన్షన్లు పెట్టుకున్నాను. చాలా, ఇంకేమైనా కావాలా?
– ఇంకో పాఠకుడు

జవాబు: బాబోయ్! కావలసింది కాదు, తీసేయవలసింది చాలా ఉంది. ఎక్స్‌టెన్షన్ అంటే మీరు చూసే ప్రతి పేజీనీ పక్కన కూర్చుని చదవగలిగే మనిషి. ట్రాకింగ్ ఆపుతామని చెప్పి జనం చేత పెట్టించుకుని, వాళ్లు చూసిన సైట్ల వివరాలనే జంప్‌షాట్ అన్న తన అనుబంధ సంస్థ ద్వారా అమ్మినందుకు యాంటీవైరస్ కంపెనీ అవాస్ట్ మీద, వినియోగదారుల తరఫున చూసే అమెరికా ప్రభుత్వ సంస్థ ఎఫ్‌టీసీ 2024 ఫిబ్రవరిలో కోటీ 65 లక్షల డాలర్ల జరిమానా వేసింది. పైగా పది ఎక్స్‌టెన్షన్ల కలయిక ప్రపంచంలో మీ ఒక్కరికే ఉండొచ్చు. దాన్నిబట్టే మిమ్మల్ని గుర్తుపట్టేవాళ్లున్నారు. ప్రకటనలు ఆపేది ఒక్కటి, యూబ్లాక్ ఆరిజిన్ లాంటిది, ఉంచుకోండి. మిగతా తొమ్మిదింటి పేర్లు రాసి పంపండి, ఒక్కొక్కటీ చూసి వచ్చే సంచికలో చెప్తాను.